జిప్సం వేస్తే దిగుబడి తగ్గుతుందా? ఇంటరాక్షన్, మీడియేషన్ టేబుళ్లు చదవడం గురించి

జిప్సం వేస్తే శెనక్కాయ దిగుబడి తగ్గుతుందని ఈమధ్య ఒక థీసిస్ డ్రాఫ్టులో చదివాను. అనంతపురం జిల్లాలో ఏ రైతు ముందు ఈ మాట అన్నా ఒప్పుకోడు. కానీ రాసిన అమ్మాయి అబద్ధం రాయలేదు, లెక్క తప్పు చేయలేదు, డేటా కూడా ఎండలో ఊరూరా తిరిగి తనే తెచ్చుకుంది. టేబుల్లో జిప్సం ఎదురుగా మైనస్ గుర్తు ఉంది, ఆ మైనస్‌ను ఉన్నదున్నట్టు వాక్యంగా రాసింది, అంతే. ఒక ఫలితం మీద చాలా కారణాల ప్రభావాన్ని ఒకేసారి అంచనా వేసే మల్టిపుల్ రిగ్రెషన్‌లో ఇంటరాక్షన్ (రెండు కారణాలను గుణించి వేసే వరస) చేర్చాక ఆ గుర్తుకు అర్థమే మారిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. సాయంత్రం పూట రీసెర్చ్ పిల్లలు టేబుళ్లు పట్టుకుని వస్తుంటారు, వ్యవసాయం వాళ్లు, కామర్స్ వాళ్లు, సోషల్ వర్క్ వాళ్లు, అందరికీ చిక్కు ఇక్కడే పడుతోంది. అందుకే కాస్త పొడుగైనా పూర్తిగా రాస్తున్నాను.

ముందు శెనక్కాయకు జిప్సం ఎందుకు వేస్తారో చూడాలి, ఎందుకంటే లెక్కంతా దాని మీదే నడుస్తుంది. కాయలో గింజ నిండాలంటే కాల్షియం కావాలి. వేరు పీల్చిన కాల్షియం నీటితో పాటు పైకి ఆకుల వైపు పోతుంది, ఎందుకంటే నీళ్లు ఆవిరయ్యేది ఆకుల్లోంచి. అక్కడికి చేరిన కాల్షియం మళ్లీ కిందికి రాదు. మట్టిలో ఉన్న కాయలోంచి నీళ్లు ఆవిరి కావు కాబట్టి ఆ దారిలో కాయకు కాల్షియం దాదాపు అందదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోంచి, తన పొట్టు ద్వారానే నేరుగా తీసుకోవాలి. అందుకే ఎకరాకు 200 కిలోల జిప్సం పూత సమయంలో మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమంటారు, కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగేసరికి అక్కడ కాల్షియం సిద్ధంగా ఉండాలని. అయితే జిప్సం కరిగితేనే కాల్షియం, కరగాలంటే మట్టిలో పదును, అంటే తడి, ఉండాలి.

ఈ జిల్లాలోనే కూడేరు వైపు ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది: "పదును లేకుంటే జిప్సం ఏసినా ఏయకున్నా ఒకటే సార్. వానొచ్చిన ఏడు మాత్రం ఏసిన సేన్లో తాలుకాయ తక్కువుంటాది, అందుకే తూకం వస్తాది."

తాలుకాయ అంటే గింజ నిండని కాయ. ఆయన మాటలో రెండు సంగతులున్నాయి. జిప్సం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు అన్నది ఒకటి. పనిచేసినప్పుడు ఏ దారిలో పనిచేస్తుంది అన్నది రెండోది. మొదటిదాన్ని లెక్కలో ఇంటరాక్షన్ అంటాం, ఇక్కడ వాన మోడరేటర్, అంటే ప్రభావం ఎంతో మార్చేది. రెండోది మీడియేషన్, ఇక్కడ కాయ నిండటం మీడియేటర్. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను పిల్లలను అడిగే ప్రశ్న ఒకటే: నీ జిప్సం ఆ మూడో దాన్ని (వాననో, కాయ నిండటాన్నో) మార్చగలదా? జిప్సం వేసినంత మాత్రాన వాన పడదు, కాబట్టి వాన మీడియేటర్ అయ్యే అవకాశమే లేదు. జిప్సం వేస్తే కాయ నిండుతుంది, కాబట్టి కాయ నిండటం దారిలో ఉన్న మజిలీ. ఈ ప్రశ్న వేసుకోకుండా సాఫ్ట్‌వేర్ తెరిస్తే, ఏ గడిలో ఏ వేరియబుల్ పడేసినా అది ఏదో ఒక టేబుల్ ఇస్తుంది.

ఇప్పుడు ఆ మైనస్ సంగతి. కింది అంకెలు ఆ అమ్మాయివి కావు, చెప్పడానికి వీలుగా నేను వేసుకున్నవి. దిగుబడి ఎకరాకు కిలోల్లో, జిప్సం వేస్తే 1 వేయకుంటే 0, వాన అంటే జిప్సం వేశాక నెలలో పడింది, మిల్లీమీటర్లలో.

దిగుబడి = 200 − 24 × జిప్సం + 3 × వాన + 0.8 × జిప్సం × వాన

చాలామంది దీన్ని ఎలా చదువుతారంటే, జిప్సం ప్రభావం మైనస్ 24 కిలోలు, వాన ప్రభావం 3 కిలోలు, ఇవి మెయిన్ ఎఫెక్టులు, ఇక ఇంటరాక్షన్ 0.8, పీ వాల్యూ (ప్రభావమే లేకున్నా ఇంత పెద్ద అంకె కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ, కాబట్టి సిగ్నిఫికెంట్, తరువాతి పేజీకి పోదాం అని. ఇది పూర్తిగా తప్పు. ఇంటరాక్షన్ ఉన్న మోడల్‌లో జిప్సానికి ఒక్క ప్రభావం అంటూ ఉండదు. ఎంత వాన పడిందో చెబితేనే ఎంత ప్రభావమో చెప్పగలం: మైనస్ 24 కు 0.8 రెట్ల వాన కలపాలి. 40 మిల్లీమీటర్ల దగ్గర 8 కిలోలు, 70 దగ్గర 32, 100 దగ్గర 56. సరిగ్గా 30 దగ్గర సున్నా. మరి మైనస్ 24 ఎక్కడిది? అది వాన సున్నా మిల్లీమీటర్లు ఉన్నప్పటి ప్రభావం. ఆ డేటాలో అతి తక్కువ వాన 25 మిల్లీమీటర్లు అనుకోండి, అసలు చుక్క పడని పొలం ఒక్కటీ లేదు. లేని పొలం గురించి, గీతను వెనక్కి పొడిగించి, జిప్సం నష్టం చేస్తుందని రాసినట్టయింది. 3 కూడా అంతే, అది వాన ప్రభావం కాదు, జిప్సం వేయని పొలాల్లో మిల్లీమీటరుకు ఎన్ని కిలోలు పెరిగిందో ఆ లెక్క. వేసిన పొలాల్లో అది 3.8.

సెంటరింగ్ చేయమనేది ఇందుకే. ప్రతి పొలం వానలోంచి సగటు వాన 70 తీసేసి మోడల్ మళ్లీ నడిపితే జిప్సం ఎదురుగా మైనస్ 24 పోయి ప్లస్ 32 వస్తుంది, ఎందుకంటే ఇప్పుడు సున్నా అంటే సగటు వాన. 0.8 మాత్రం ఇంచు కదలదు, దాని స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ ఊగగలదో చెప్పే అంకె) కదలదు, ఆర్ స్క్వేర్ (దిగుబడి తేడాల్లో మోడల్ వివరించిన వంతు) కూడా కదలదు. డేటా అదే, గీతలు అవే, కొలత మొదలుపెట్టిన చోటు మారిందంతే. ఆ అమ్మాయికి ఇది నా ల్యాప్‌టాప్‌లో చేసి చూపిస్తే "సార్, రెండూ కరెక్టేనా?" అని చాలాసేపు ఆ రెండు టేబుళ్లను పక్కపక్కన పెట్టుకుని చూసింది. రెండూ కరెక్టే. రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

దీనికి తోడు ఒక పుకారు ప్రచారంలో ఉంది, సెంటరింగ్ చేస్తే మల్టీకొలినియారిటీ (కారణాల కాలమ్‌లు ఒకదానితో ఒకటి కలిసి కదలడం) పోతుందని. వైవాలో వీఐఎఫ్ (ఆ చిక్కును కొలిచే అంకె) ఎంత అని అడుగుతారు, గుణకారం చేసిన కాలమ్‌కు అది బాగా ఎక్కువ వస్తుంది, పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది, సెంటర్ చేయగానే తగ్గిపోతుంది, హమ్మయ్య అనుకుంటారు. కానీ 0.8 మీద అనిశ్చితి రవ్వంత కూడా తగ్గలేదని ఇప్పుడే చూశాం. సెంటరింగ్ అంకెకు అర్థం ఇవ్వడానికి, డేటాలో లేని సమాచారాన్ని పుట్టించడానికి కాదు. అలాగే జిప్సం వరస సిగ్నిఫికెంట్ కాలేదని దాన్ని తీసేసి గుణకారం వరస ఒక్కటే ఉంచడం కూడా చూస్తుంటాను. అలా తీసేస్తే వాన సున్నా దగ్గర ప్రభావం కచ్చితంగా సున్నా అని మనమే శాసించినట్టు. సెంటర్ చేసి ఉంటే సగటు వాన దగ్గర సున్నా అని శాసించినట్టు, అది ఇంకా ఘోరం. ఇంటరాక్షన్ ఉంటే దాని రెండు భాగాలూ మోడల్‌లో ఉండి తీరాలి.

ఒక్కో వాన దగ్గర ప్రభావం ఎంత నమ్మదగిందో చెప్పాలంటే స్టాండర్డ్ ఎర్రర్ కావాలి. అది రెండు వరసల ఎర్రర్లు కలిపితే రాదు, వాటి కోవేరియన్స్ (రెండు అంచనాలూ కలిసి ఎలా ఊగుతాయో చెప్పే అంకె) కూడా లెక్కలోకి రావాలి. ఫార్ములా పెట్టుకోవచ్చు, కానీ సులువైన పద్ధతి ఉంది. 40 మిల్లీమీటర్ల దగ్గర కావాలంటే వానలోంచి 40 తీసేసి మోడల్ నడపండి, జిప్సం వరసలో వచ్చే అంకె, ఎర్రర్, పీ వాల్యూ అన్నీ 40 దగ్గరివే. 100 దగ్గర కావాలంటే 100 తీసేయండి. అసలు ఎన్ని మిల్లీమీటర్లు దాటాక ప్రభావం సున్నా కాదని గట్టిగా చెప్పగలం అనే హద్దు పట్టుకోవడానికి జాన్సన్, నేమన్ అనే ఇద్దరు 1936లోనే పద్ధతి చెప్పారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే జిల్లాలో ఆ హద్దే కదా రైతుకు కావాల్సింది. "సగటు కంటే ఒక స్టాండర్డ్ డీవియేషన్ ఎక్కువ, ఒకటి తక్కువ" అని రాస్తే రైతుకే కాదు, వ్యవసాయాధికారికి కూడా ఏమీ తెలియదు. మిల్లీమీటర్లలో రాయండి. గ్రాఫ్ గీయండి, అడ్డంగా వాన, నిలువుగా జిప్సం ప్రభావం, చుట్టూ కాన్ఫిడెన్స్ పట్టీ (అసలు ప్రభావం ఉండే అవకాశమున్న హద్దులు), కింద ఒక్కో పొలానికి ఒక చుక్క. డేటా ఎక్కడ ఉందో ఎక్కడ లేదో చుక్కలే చెబుతాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో చేసేవాళ్లు గుణకారం వరస పక్కన వచ్చే స్టాండర్డైజ్డ్ బీటాను (స్టాండర్డ్ డీవియేషన్లలో కొలిచిన ప్రభావం) రాయకండి, అది గుణించాక స్టాండర్డైజ్ చేసిన అంకె, దానికి సరైన అర్థం లేదు. కావాలంటే ముందు రెండింటినీ స్టాండర్డైజ్ చేసి, ఆ తర్వాత గుణించాలి.

ఇంకో పద్ధతి మన యూనివర్సిటీల్లో బాగా అలవాటు: డేటాను రెండు ముక్కలు చేయడం. వాన బాగా పడిన పొలాల్లో జిప్సం ప్రభావం 40 కిలోలు, స్టాండర్డ్ ఎర్రర్ 18, పీ 0.03. తక్కువ పడిన పొలాల్లో 25 కిలోలు, ఎర్రర్ 20, పీ 0.2 పైన. ఒకదాంట్లో సిగ్నిఫికెంట్, ఇంకోదాంట్లో కాదు, కాబట్టి వానను బట్టి ప్రభావం మారుతోంది అని తేల్చేస్తారు. ఆగి, ఆ రెండింటి తేడాను లెక్క వేయండి. తేడా 15 కిలోలు, దాని ఎర్రర్ 18 వర్గం, 20 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 27 దాకా వస్తుంది. 15 మీద 27 ఎర్రర్! మారుతోందని చెప్పడానికి ఇందులో ఆధారమే లేదు. మారలేదని చెప్పడానికి కూడా లేదు. తేడా గురించి మాట్లాడాలంటే తేడానే పరీక్షించాలి, దానికే గుణకారం వరస.

ఇంటరాక్షన్ దొరకడం కష్టం కూడా. జిప్సం ఉన్నా లేకున్నా, వాన ఎక్కువైనా తక్కువైనా నాలుగు గడుల్లో సమానంగా పొలాలు ఉన్నాయనుకుంటే, ఇంటరాక్షన్ అంటే తేడాల మధ్య తేడా, దాని స్టాండర్డ్ ఎర్రర్ మామూలు సగటు ప్రభావం ఎర్రర్‌కు రెట్టింపు. అంటే అంతే సైజు ఇంటరాక్షన్‌ను అంతే నమ్మకంగా పట్టుకోవాలంటే నాలుగు రెట్ల పొలాలు కావాలి. ఇంటరాక్షన్ సగం సైజే ఉంటే పదహారు రెట్లు. వంద పొలాల డేటాతో "ఇంటరాక్షన్ లేదు" అని రాసేముందు ఇది గుర్తుంచుకోవాలి. ఇంటరాక్షన్ కనబడలేదు అని రాయవచ్చు, ఎంత వరకు ఉండే అవకాశం ఉందో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇవ్వవచ్చు.

మన జిల్లాకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని నాకు బాధ. ఇక్కడి వాన సంగతి తెలుసు కదా, గట్టుకు ఇవతల తడుస్తుంది, అవతల దుమ్ము లేస్తుంటుంది. పిల్లలు తీసుకునే వాన లెక్క మాత్రం మండలానికి ఒకటి. ఆరు మండలాల్లో 120 పొలాలు తీసుకుంటే దిగుబడి 120 అంకెలు, వాన మాత్రం ఆరే అంకెలు. సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు, 120 వేర్వేరు వానలు చూసినట్టు చిన్న స్టాండర్డ్ ఎర్రర్ ఇచ్చి, గుణకారం వరసకు మూడు నక్షత్రాలు, అంటే బాగా సిగ్నిఫికెంట్ అన్న గుర్తు, పెడుతుంది. జిప్సం ప్రభావం వాన వల్లనే కాక మండలాన్ని బట్టి నేల వల్లనో, రకం వల్లనో కూడా మారుతుంటుంది కాబట్టి, వానతో మార్పు గురించి మన దగ్గర నిజంగా ఉన్న సాక్ష్యం ఆరు మండలాలదే. మండలాన్ని ర్యాండమ్ ఎఫెక్టుగా (మండలానికి మండలం వచ్చే తేడాగా) పెట్టి, జిప్సం స్లోప్ (ప్రభావం అంకె) కూడా మండలాన్ని బట్టి మారనిచ్చే మిక్స్‌డ్ మోడల్ వాడాలి. అప్పుడు నక్షత్రాలు పోతే పోనివ్వండి. అంతకంటే మంచిది పొలంలోనే ఒక చిన్న రెయిన్ గేజ్ పెట్టించడం, అది పెద్ద ఖర్చు కాదు.

కొలబద్ద గురించి కూడా ఒక మాట. పొడి చేన్లో 200 కిలోలు జిప్సంతో 240 అయ్యింది, తడి చేన్లో 500 కాస్తా 600 అయ్యింది. కిలోల్లో చూస్తే 40, 100, ఇంటరాక్షన్ ఉంది. శాతంలో చూస్తే రెండూ 20 శాతమే, దిగుబడికి లాగ్ తీసుకుని మోడల్ నడిపితే ఇంటరాక్షన్ మాయం. రెండూ నిజమే. జిప్సం బస్తా ఖర్చు రూపాయల్లో పెడతాం, అమ్మేది కిలోల్లో, కాబట్టి రైతు నిర్ణయానికి కిలోల లెక్కే అసలుది అని నా అభిప్రాయం. గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటితే మాత్రం, అంటే ఒక చోట లాభం, ఇంకో చోట నష్టం అయితే, ఏ లాగ్ తీసుకున్నా ఆ ఇంటరాక్షన్ పోదు.

ఈ ఆలోచనలు రెండూ పుట్టింది పంటలు, పశువుల దగ్గరే అని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఫిషర్, మెకంజీ కలిసి 1923లో ఆలుగడ్డ మీద పేపరు వేశారు, పన్నెండు రకాల ఆలుగడ్డలు, వేర్వేరు ఎరువులు, ఒక రకం ఒక ఎరువుకు మిగతావాటి కంటే వేరుగా స్పందిస్తుందా అన్నదే ప్రశ్న. అచ్చంగా మన ప్రశ్నే. అలా స్పందిస్తున్న జాడ కనబడలేదని వాళ్లకు తేలింది. వేరియన్స్ ఎనాలిసిస్ (మొత్తం తేడాలను కారణాల వారీగా పంచే లెక్క) పట్టిక అచ్చులోకి వచ్చింది ఆ పేపరుతోనే. ఇక దారుల లెక్క, అంటే ఒక కారణం ఏ మజిలీల గుండా పోయి ఫలితాన్ని చేరుతుందో బాణాలు గీసి గుణించే పద్ధతి, అమెరికా వ్యవసాయ శాఖలో గినీ పందుల మీద పనిచేస్తున్న సీవల్ రైట్‌ది, 1921లో వివరంగా రాశాడు. సైకాలజీ వాళ్ల చేతికి వచ్చాక 1986లో బారన్, కెన్నీ ఇద్దరూ మోడరేటర్ వేరు, మీడియేటర్ వేరు అని విడదీసి చెబుతూ, మీడియేషన్ తేల్చడానికి నాలుగు మెట్లు పెట్టారు. ఇప్పటికీ మన థీసిస్‌లు ఆ మెట్ల మీదే ఉన్నాయి.

మీడియేషన్‌కు వద్దాం. రెండు రిగ్రెషన్లు. మొదటిది, జిప్సం వల్ల నిండిన కాయల శాతం ఎంత పెరిగింది? 5 అనుకుందాం. రెండోది, దిగుబడి మీద జిప్సం, నిండిన కాయల శాతం రెండూ కలిపి పెడితే, ఒక్కో శాతానికి 6 కిలోలు, జిప్సానికి విడిగా 10 కిలోలు. కాయ నిండే దారిలో వచ్చింది 5 × 6 = 30, మిగతా దారుల్లో 10, మొత్తం 40. కాయల శాతం లేకుండా జిప్సం ఒక్కటే పెట్టి రిగ్రెషన్ నడిపితే సరిగ్గా 40 వస్తుంది. మామూలు లీనియర్ రిగ్రెషన్‌లో ఇది కచ్చితంగా కలవాల్సిన లెక్క. కలవకపోతే ఏదో ఒక మోడల్‌లో కొన్ని పొలాలు జారిపోయి ఉంటాయి, కాయలు లెక్కపెట్టని పొలాలు ఖాళీగా వదిలేసి ఉంటారు, వెళ్లి చూసుకోండి.

ఆ 10 కిలోలను "డైరెక్ట్ ఎఫెక్ట్" అంటారు గానీ అది నేరుగా ఏమీ కాదు. జిప్సంలో కాల్షియంతో పాటు గంధకం కూడా ఉంది, దాని దారి వేరు. మనం కొలవని దారులన్నీ ఆ 10లో ఉన్నాయి. అందుకే "ఫుల్ మీడియేషన్, పార్షియల్ మీడియేషన్" అనే మాటలు నాకు నచ్చవు. పొలాలు తక్కువగా ఉంటే ఆ 10 సిగ్నిఫికెంట్ కాదు, ఫుల్ అంటారు, ఎక్కువ పొలాలు తెస్తే అవుతుంది, పార్షియల్ అంటారు. మొక్క చేసిన పనిలో మాత్రం మార్పేమీ లేదు.

మొత్తం ప్రభావం సిగ్నిఫికెంట్ కాకపోతే మీడియేషన్ చూడనే కూడదు అనే మొదటి మెట్టును కూడా ఇప్పుడు పట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. ఒక దారిలో లాభం, ఇంకో దారిలో నష్టం ఉంటే మొత్తం సున్నా దగ్గర పడవచ్చు. చూడాల్సింది ఆ 30, దాని ఇంటర్వెల్. రెండు అంచనాలను గుణించిన అంకె కాబట్టి దాని డిస్ట్రిబ్యూషన్ సాధారణంగా గంట ఆకారంలో ఉండదు, ఒక పక్కకు ఒరుగుతుంది. సోబెల్ 1982లో ఇచ్చిన పరీక్ష అది గంట ఆకారమే అనుకుని నడుస్తుంది, అందుకే చిన్న డేటాలో ఉన్న ప్రభావాన్ని కూడా వదిలేస్తుంటుంది. బూట్‌స్ట్రాప్ (ఉన్న పొలాల్లోంచే మళ్లీ మళ్లీ నమూనా తీసి లెక్కించడం) చేయండి, ఆర్‌లో (ఇదీ లెక్కల సాఫ్ట్‌వేరే) కొన్ని లైన్ల పని.

ఇంతవరకు అంకగణితం. అసలు కష్టం ఇక్కడినుంచి. జిప్సం ఏ పొలానికి వేయాలో లాటరీ తీసి నిర్ణయించారనుకుందాం. జిప్సం ప్రభావం వరకు నిశ్చింత. కానీ ఏ పొలంలో కాయ నిండాలో ఎవరూ లాటరీ తీయలేదు. ఎర్రనేల లోతుగా ఉన్న చోట పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, కాయా నిండుతుంది, చెట్టుకు కాయల సంఖ్యా పెరుగుతుంది. నేల లోతు కొలవలేదు. అప్పుడు ఆ 6 కిలోల్లో కొంత కాయ నిండటానిది కాదు, నేలది. ఇంకాస్త దగ్గరగా చూడండి. రెండు పొలాల్లోనూ 70 శాతం కాయలు నిండాయి, ఒకదానికి జిప్సం వేశారు, రెండోదానికి వేయలేదు. వేయకుండానే 70 శాతం నిండిందంటే ఆ పొలంలో వేరే ఏదో మంచి ఉంది, బహుశా లోతైన నేలే. కాయల శాతాన్ని మోడల్‌లో పెట్టి "అది సమానంగా ఉంటే" అని పోల్చినప్పుడల్లా మనం జిప్సం వేసిన నాసి పొలాన్ని, వేయని మంచి పొలంతో పోలుస్తున్నాం. లాటరీ తెచ్చిన సమానత్వాన్ని మన చేత్తో మనమే చెరిపేసినట్టు. 6 ఉండాల్సిన దానికంటే పెద్దదవుతుంది, 10 చిన్నదవుతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా పోతుంది, అప్పుడు మళ్లీ జిప్సం నష్టం అని ఒక పేరా తయారవుతుంది.

దీనికి దగ్గరి చుట్టం లాంటి తప్పు ఇంకొకటి: మీడియేషన్ మాటే ఎత్తకుండా, కంట్రోల్స్ అన్న పేరుతో దొరికినవన్నీ మోడల్‌లో పడేయడం. నిండిన కాయల శాతం, షెల్లింగ్ శాతం (కాయ బరువులో గింజల వంతు), వంద గింజల బరువు అన్నీ పెట్టేసి చివరికి "జిప్సం సిగ్నిఫికెంట్ కాదు" అంటారు. ఎలా అవుతుంది? జిప్సం చేసే పనంతా వాటి గుండానే కదా జరిగేది. వాన కంట్రోల్‌గా పెట్టవచ్చు, నేల లోతు తప్పకుండా పెట్టాలి, కానీ జిప్సం వేశాక దాని వల్ల మారేవాటిని పెట్టకూడదు, మొత్తం ప్రభావం కావాలనుకుంటే.

సోషల్ వర్క్, కామర్స్ వాళ్లకు ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. పొదుపు సంఘాల్లో మహిళల మీద సర్వే, శిక్షణ వల్ల ఆత్మవిశ్వాసం, ఆత్మవిశ్వాసం వల్ల ఆదాయం అని బాణాలు. మూడూ ఒకే రోజు, ఒకే ప్రశ్నావళిలో, ఒకే మనిషిని అడిగినవి. ఆదాయం పెరిగాక ఆత్మవిశ్వాసం వచ్చి ఉండవచ్చు కదా? బాణం తిప్పి మళ్లీ నడపండి, అదీ సిగ్నిఫికెంట్ అని వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మూడు వేరియబుళ్లకు మూడు బాణాలు గీసినప్పుడు, గుండ్రంగా తిరగనంత వరకు ఎటు తిప్పినా మోడల్ డేటాకు ఒకేలా అతుకుతుంది, ఏ దిక్కు సరైనదో ఫిట్ చెప్పదు. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో తెలియాలి, లేదా ముందే కొలిచి ఉండాలి.

రెండూ కలిసే చోటు ఆ పెద్దాయన మాటలోనే ఉంది. వాన ఉన్న ఏడే కాయ నిండుతుంది అన్నాడు, అంటే వాన ప్రమేయం ఉండేది మొదటి అంచెలో, జిప్సం నుంచి కాయ నిండటానికి పోయే దారిలో. అప్పుడు మొదటి రిగ్రెషన్‌లో జిప్సం × వాన వరస పెట్టాలి, 5 అనే ఒక్క అంకె ఉండదు, వానను బట్టి మారుతుంది, దాంతో కాయల దారిలో వచ్చే కిలోలూ మారతాయి. పొడి ఏట దాదాపు సున్నా, తడి ఏట ఎక్కువ. మోడరేటెడ్ మీడియేషన్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, ఎప్పుడు, ఎలా అన్న రెండు ప్రశ్నలు కలిపి అడగడమే.

ఆ అమ్మాయి తన పేరాను ఇలా మార్చింది, అంకెలు తీసేసి చెబుతున్నా: "జిప్సం ప్రభావం వానను బట్టి మారింది. మా పొలాల్లో వాన తక్కువగా ఉన్న చోట ప్రభావం ఉందని చెప్పలేం, ఎక్కువగా ఉన్న చోట దిగుబడి పెరిగింది. వాన కొలత మండల స్థాయిది కావడంతో ఈ మార్పు అంచనాలో అనిశ్చితి ఎక్కువ. కాయ నిండటం ద్వారా వచ్చిన పెరుగుదల అంచనా, నేల లోతు తేడాలు లేవనుకుంటేనే నిలుస్తుంది." గైడ్‌కు చివరి వాక్యం నచ్చలేదట, తీసేయమన్నారట. ఉంచమని నేను గట్టిగా చెప్పాను, ఉంచింది.

తర్వాతి ఖరీఫ్‌కు ఎవరైనా ఇలాంటి డేటా తెచ్చుకోబోతుంటే నాదొక మనవి. పొలానికి పొలాన్ని పోల్చకుండా, ప్రతి పొలాన్నీ రెండు సగాలు చేయించి, ఏ సగానికి జిప్సమో బొమ్మా బొరుసూ వేసి తేల్చండి. రైతు ఒకడే, విత్తనం ఒకటే, వాన ఒకటే, నేల లోతు కూడా దాదాపు ఒకటే అవుతుంది. ఒక్కో సగంలో గునపం దింపి లోతు మాత్రం తప్పకుండా రాసుకోండి, చెట్లు పీకి కాయలు లెక్కపెట్టేటప్పుడు నిండినవి, తాలువి విడివిడిగా పోయండి, గట్టు మీద రెయిన్ గేజ్ పెట్టి రోజూ పొద్దున చూడమని రైతుకు చెప్పండి. ఆ డేటా తెస్తే లెక్క చేయడానికి నేను పక్కన కూర్చుంటాను.